బేలు తీగ

కిన్వట్ జిన్నింగ్ మిల్లుల కరెంటు పని నాది.
ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్ మని మూల్గేది ఏ స్వరమో
పందొమ్మిదో ఏట పట్టుకున్న:
గిటారు లావు తీగ, మూడో మెట్టు.
అక్కడ వేలు పెడితే మిల్లుది, నాది ఒక్కటే గొంతు.

రాత్రి షిఫ్టు లేని రోజుల్ల మాదొక బ్యాండు.
డ్రమ్ములకు గజానన్, పాటకు నర్సింగు,
చినిగిన స్పీకరుకు మైదా రాసి అతికిన పాత కాగితం.
ఆ చినుగులకెల్లే గరగర వచ్చేది, మాకదే సంబురం.
జుట్లు పెంచి, గణపతి మండపం కాడ
ముసలోళ్లు చెవుల్ల దూది పెట్టుకునేదాక వాయించినం.
దూదికి ఏం తక్కువ మా ఊర్ల.
"ఇది తెల్లోళ్ల సంగీతం" అని గజానన్ కాలరెగరేసేటోడు.
నేనూ అట్లనే అనుకున్న.

బల్లార్షా నుంచి నర్సింగు మేనమామ ఒక క్యాసెట్ తెచ్చిండు.
పైన పేరు లేదు, పెన్సిలుతోటి ఒక గీత.
పెడితే మొదట వాన.
రేకుల మీద పడ్తున్నదనుకొని బయటికి జూసిన,
చుక్కలున్నయి.

ఆ వాన లోపట ఒక మనిషి.
ఒక్కడే.
బొటనవేలు నడుస్తున్నది,
మిగిలిన వేళ్లు ఆ నడకకు జవాబిస్తున్నయి.
డ్రమ్ము లేదు, మడమతోటి నేలను కొడ్తున్నడు.
ముందుగాల గజాననే గుర్తుపట్టిండు:
"అరే, ఇది మనదే గద!"
మర్నాడు మండపంల మేం వాయించాల్సిన గతే,
మెలికకు మెలిక,
మాకంటె డెబ్బై ఏండ్ల ముందట,
సగం వేగంతోటి, కరెంటన్నది లేకుండ.
నర్సింగు వాల్యూము తగ్గించబోయి
చెయ్యి ఎనుకకు తీసుకున్నడు.

ఆయన పత్తి ఏరిండట.
నల్లమన్ను, పెద్ద నది పక్క,
లెక్కల పుస్తకం ఎప్పుడూ షావుకారి చేతుల్లనే.
మామకు తెలిసింది గంతే.
మాకు మాత్రం అంతకన్న ఏం తెలువాలె?
పైన్‌గంగ ఒడ్డు చేన్ల
కాయ మొనలకు చీరుకుపోయిన చేతులు
మా ఇంట్లనే నాలుగు జతలు.
ఆ వేళ్లు తీగ మీద ఎట్లుంటయో
ఎన్నడు ఆలోచన చెయ్యలే.

మిల్లుల దూది ఒకదిక్కు ఎగుర్తది.
దానికి గ్రేడు, నంబరు, లారీ.
గింజ కింద రాల్తది. కుప్ప.

గజానన్ ఇప్పుడు నాందేడ్‌ల టైర్లు అమ్ముతున్నడు.
క్యాసెట్ రీలును ఎలుకలు కొరికినయి.

మొన్న పెద్ద మోటరు కాలి మిల్లు ఆగింది.
చీకట్ల టార్చి పట్టుకొని ప్రెస్ షెడ్డు ఎనుకకు పోతే
ఏదో ఏడ్చినట్టు.
మనిషా, పిల్లా తెల్వలే.
కప్పాస్ మోసే భీమవ్వ కొడుకు, ఆత్రం జైతు, గోడ పొంటి కూసున్నడు.
బేలుకు చుట్టే తీగ,
రెండు మేకులు, కింద బిగువుకు ఇటుకముక్క.
ఒక సీసాను తీగ మీద జారిస్తున్నడు,
కుడిచేత్తోటి మీటుతున్నడు.
గోడ అంతా గిటారు.

"ఎవరు నేర్పిండ్రురా?"
"ఎవ్వరు లేదు. తీగ ఉండె."

ఆ సీసా ఏ మందుదో నేను అడగలే.
లేబులు గీకేసి ఉంది.

మోటరు చుట్టి ఎక్కించేసరికి తెల్లారింది.
మిల్లు మళ్ల మూల్గింది, అదే మూడో మెట్టు.
జైతు చెవి అటు తిప్పిండు,
సీసాను నెమ్మదిగ పైకి జరుపుకుంట వచ్చిండు,
దగ్గరికి, ఇంకా దగ్గరికి,
వెంట్రుకవాసి కిందనే ఆపిండు.
"ఇంకొంచెం పైకి" అన్న.
తల అడ్డంగ ఊపి
అక్కడనే వణికించిండు.